మూడో ప్రకటన

కోడుమూరు,
మంగళవారం మధ్యాహ్నం.

నా చిట్టి దీవెనా,

మీ అక్క కాగితం మీద కలం పెట్టి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. జాకెట్ల కొలతలు రాసుకోవడం తప్ప ఈ కృపమణికి రాతపని ఏముంది! ఫోను ఉండగా ఇదేం చోద్యమని నువ్వు నవ్వుతావు. నవ్వుకో. ఫోను చేస్తే అమ్మ వెంటనే స్పీకరు పెడుతుంది. మెసేజీ పెడదామంటే నువ్వు ఇంట్లో ఉన్నంతసేపూ నాన్న నీ ఫోనులోనే బైబిలు వాక్యం వింటూ ఉంటాడు. అందుకని కడపలో మీ బడి అడ్రసుకు పంపుతున్నా. స్టాఫ్ రూములో పదిమంది టీచర్ల మధ్య విప్పొద్దు. ఎక్కడైనా ఒంటరిగా కూర్చుని చదువు.

మొన్న ఆదివారం కమలాపురం గుళ్లో నీ పెళ్లి మొదటి ప్రకటన చదివారని అమ్మ చెప్పింది. నువ్వు గుడికి పోలేదట. ఆడపిల్ల తన ప్రకటన తాను వినకూడదని అమ్మ పట్టింపు కదా. నా పెళ్లికీ అంతే, నన్ను ఇంట్లో కూర్చోబెట్టి అలసందలు ఒలిపించింది. పాస్టరు నెహెమ్యా అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలియజేయండి అంటారు. అందరూ తలలు వంచుకుంటారు. అయ్యగారు ఆమెన్ అంటారు. అలా మూడు ఆదివారాలు గడిస్తే ఇక ఆ పెళ్లికొడుకులో ఏ లోపమూ లేదని, దేవుడే ఒప్పుకున్నాడని మనవాళ్ల నమ్మకం. నేనూ అలాగే నమ్మాను.

అసలు సంగతికి వస్తా. పెళ్లికి ముందు నువ్వూ క్రాంతి కుమారూ కలిసి పోయి హెచ్‌ఐవి పరీక్ష చేయించుకోవాలి. సరిగ్గా చదివానా అని మళ్లీ చూసుకోకు, నేను రాసింది అదే. బడిలో పిల్లల్ని గదమాయించే గొంతుతో, ఏమక్కా, అంత మంచి మనిషిని అనుమానిస్తావా అని నా మీదికి వస్తావు. నాకు తెలుసు. అందుకే నా సంగతి చెప్పక తప్పడం లేదు. నా కూతురు ఆరాధన కడుపులో పడ్డప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ దాచిన సంగతి.

నాకు హెచ్‌ఐవి ఉంది, దీవెనా. నేను రోజూ వేసుకునే మాత్ర థైరాయిడ్‌ది కాదు.

ఈ వాక్యం రాశాక లేచిపోయాను. ఎవరో జాకెట్టు కోసం వస్తే ఇచ్చి, వాళ్లతో నవ్వుతూ మాట్లాడి, మళ్లీ వచ్చి కూర్చున్నా. నవ్వడం బాగా అలవాటైపోయింది నాకు.

కడుపుతో ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తారు కదా, అప్పుడు బయటపడింది. అక్కడి కౌన్సిలరు మేడమ్ నన్ను లోపలికి పిలిచి తలుపు వేసి చెప్పింది. నేను నమ్మలేదు. పేర్లు తారుమారయ్యాయేమో చూడండి మేడమ్, నేను ఏ తప్పూ చేయలేదు, నా మొగుడు తప్ప ఇంకో మగవాడు నాకు తెలియదు అని ఏడ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "తప్పు మాట ఎందుకమ్మా? ఈడికి వచ్చే ఆడోళ్లు శానామంది నీ మాదిరోళ్లే. మొగుని దగ్గర్నుంచి వచ్చినోళ్లే" అంది. మరుసటి రోజు మీ బావను వెంటబెట్టుకుని పోయాను. ఆయనకు పరీక్ష చేయకముందే ఆయన మొహం చూసి నాకు అర్థమైంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "నాకు ముందే తెలుసు మణీ. పెండ్లికి ముందే తెలుసు. జొరమని పోతే పరీక్ష చేసి చెప్పినారు." బస్సు నిండా మా ఊరివాళ్లే. అరవడానికి లేదు, కొట్టడానికి లేదు. చీరకొంగు నోట్లో కుక్కుకుని ఊరు చేరేదాకా కూర్చున్నా.

నా పెళ్లికి మనవాళ్లు ఏం విచారించారు? అబ్బాయి తాగడు, బాప్తిస్మం తీసుకున్నాడు, గుళ్లో పాటలు బాగా పాడతాడు, బండల లారీ నడిపి నాలుగు రాష్ట్రాలు చూశాడు. అంతే కదా. మూడు వారాలు ప్రకటన చదివారు, ఎవరూ లేవలేదు. ఇంకేం కావాలన్నాడు నాన్న. నాన్నను తప్పు పట్టను. ఆ మాట నోటితో అనాలని మనలో ఎవరికీ తోచలేదు. అది లారీ క్లీనర్లకు, చెడు తిరుగుళ్ల వాళ్లకు వచ్చే జబ్బు, ప్రార్థన చేసే ఇంటికి రాదు అనుకున్నాం.

ఆ మేడమ్ చెప్పినవి నీకూ చెప్తా. పెళ్లికూతురువి, సిగ్గుపడకుండా చదువు. ఆడవాళ్ల ఒంటి తీరే అలాంటిదట, మగవాడి నుంచి మనకు అంటినంత సులువుగా మన నుంచి వాళ్లకు అంటదట. తెల్లబట్ట అవుతున్నా, అక్కడ పుండు పడినా సిగ్గుతో దాచుకుంటే ఇంకా సులువట. మనిషిని చూసి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. మీ బావ ఎలా ఉండేవాడు, పహిల్వాను మాదిరి! పరీక్ష ఒక్కటే దారి. ఇప్పుడు లేదని వచ్చినా మూడు నెలలకు ఇంకోసారి చేయించుకోవాలి, కొత్తగా సోకితే వెంటనే తెలియకపోవచ్చు. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు, బయటికి పొక్కనివ్వరు. అది తేలేదాకా కండోమ్ లేకుండా పడకకు పోవద్దు. వాడమని ఆడది అడిగితే మగవాడికి రోషం వస్తుంది. రానీ, రోషం వచ్చి పోతుంది, ఇది పోదు.

నా ఆరోగ్యానికి ఢోకా లేదు, బెంగపడకు. ఇప్పటి మందులు మంచివి. ఆరాధనకు రాలేదు. కడుపుతో ఉన్నప్పుడే నాకు మాత్రలు మొదలుపెట్టి, పుట్టాక దానికి మందు పోసి, ఏడాదిన్నర దాటాక ఆఖరి పరీక్ష చేసి లేదని తేల్చారు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద దాన్ని ఎత్తుకుని ఎంత ఏడ్చానో! చెప్పుకోవడానికి అమ్మ కూడా లేదు పక్కన.

ఇంతగా పట్టుబట్టడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఆరాధనకు జ్వరమని నీ నిశ్చితార్థానికి రాలేదు కదా, నువ్వు పంపిన ఫోటోలో క్రాంతి కుమార్‌ని చూసినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఎందుకని మాత్రం అడగొద్దు, చెప్పే హక్కు నాకు లేదు. నా గుట్టు నాది కాబట్టి నీకు ఇచ్చేశాను, దాంతోనే నువ్వు మాట వినాలి. మూడో ఆదివారం నేను కమలాపురం వస్తా. అప్పటికి పరీక్ష చేయించుకోకపోతే, అయ్యగారు అభ్యంతరం ఉందా అన్నప్పుడు నేనే లేచి నిలబడతా. పెళ్లి చెడగొట్టిన అక్కనని ఊరంతా ఉమ్మేసినా సరే.

నీ మంచి తప్ప మరేదీ కోరని
నీ మణక్క

* * *

కడప,
శుక్రవారం.

మా మణక్కకు,

నీ ఉత్తరం ప్యూను తెచ్చి ఇచ్చాడు. నువ్వు చెప్పినట్టే స్టాఫ్ రూములో విప్పలేదు, లైబ్రరీ గదిలో గడియ పెట్టుకుని చదివాను. చదివాక పిల్లలకు పాఠం చెప్పలేకపోయాను, తలనొప్పని సెలవు పెట్టి బస్టాండులో కూర్చున్నా. ఇన్నేళ్లూ నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా నీ పక్కన పడుకుని, నీ సంచిలోంచి నేనే మాత్ర తీసి ఇచ్చి, థైరాయిడ్ అంటే లావు కావాలి కదా, నువ్వేంది పుల్ల మాదిరి ఉండావని ఎగతాళి చేశానే! నాకు చెప్పి ఉంటే ఏమయ్యేదక్కా? నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నిన్ను కావలించుకుని ఏడవాలనీ ఉంది.

నువ్వు రాయని కారణం నాకు తెలుసు. కర్నూలు పెద్దాసుపత్రిలో మాత్రలు ఇచ్చేచోట వరసలో క్రాంతిని చూశావు. అవునా?

ఆయన నాకు ముందే చెప్పాడు. పెళ్లిచూపులు అయిన వారానికి కడప వచ్చి, బడి బయట నిలబడి, కొంచెం మాట్లాడాలన్నాడు. ఎదురుగా జ్యూసు కొట్టుకు పోయాం. గ్లాసు ముట్టుకోకుండానే, "దీవెనా, నాకు హెచ్‌ఐవి ఉండాది. పుట్టినప్పుడే మాయమ్మ నుంచి వచ్చింది. అమ్మానాయన ఇద్దురూ దాంతోనే పోయినారు, మా యవ్వ సాకింది. చిన్నప్పట్నుంచి మాత్రలేసుకుంటాండా. నువ్వు వద్దంటే నీ మీద మాట రాకుండా నేనే ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటా" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. మంచి పని చేశానని చెప్పను. ఆ వారమంతా అన్నం సయించలేదు. పిల్ల పెళ్లి ఊహలతో చిక్కిపోయిందని అమ్మ మురిసిపోయింది.

తర్వాత ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. అడగాల్సినవన్నీ అడిగాను. నాకు ఇంత నోరుందని నాకే తెలియదు. ఆమె ఆయన పరీక్ష కాగితాలు తెమ్మంది. ఆయన్ని అడిగి తెప్పించాను. అవి చూసి, మాత్ర తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో క్రిమి పరీక్షకు దొరకనంత తగ్గిపోయి అలాగే ఉంటే, పడక వల్ల భార్యకు అంటదని చెప్పింది. ఆయన కాగితాల్లో అలాగే ఉందంది, అయినా కండోమ్ వాడమంది, నన్ను అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోమంది. ఇంకా భయముంటే సోకకముందే వేసుకునే మాత్రలు కూడా ఉన్నాయంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు తన దగ్గరికి వస్తే దారి చెప్తానంది. నా పరీక్ష కూడా చేశారు, నాకు లేదు. ఇవన్నీ తెలుసుకున్నాకే నేను ఆయనకు ఫోను చేసి సరే అన్నాను. జాలిపడి కాదక్కా. నాకు ఆయన నచ్చాడు. నేను వద్దంటానని తెలిసీ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడే, అందుకు నచ్చాడు.

ఒక్క మాట విను. మా అక్క మనల్ని పరీక్ష చేయించుకోమంటోందని నిన్న ఆయనతో అన్నాను. అక్క తన సంగతి కూడా రాసిందా అని అడిగాడు. రాసిందంటే, "మీ యక్కను ఆ మాత్రల వరసలో నేనూ చూసినా. ఎవురని తెలియక ముందు శానాసార్లు చూసినా. మీ ఇంట్లో గోడ మీద ఫోటో చూసినంక తెలిసింది. ఆమె చెప్పకుండా నేను నీకు చెప్పకూడదు గదా" అన్నాడు. తన సంగతి చెప్పిన రోజు కూడా నీ సంగతి చెప్పలేదు. నువ్వు ఆయనది కాపాడావు, ఆయన నీది కాపాడాడు. మధ్యలో నేను ఒక్కదాన్నే ఏమీ తెలియకుండా ఉన్నాను.

మూడో ఆదివారం నువ్వు రా. లేచి నిలబడాలనిపిస్తే నిలబడు. నీకు జరిగిన దానికి నీకు ఆ హక్కుంది, నేను నీ మీద కోపం పెట్టుకోను. కానీ ఆయన సంగతి మాత్రం అనొద్దు. అది చెప్పుకోవాల్సింది ఆయనే.

నీ చెల్లెలు
దీవెన

* * *

కోడుమూరు,
ఆదివారం రాత్రి.

దీవెనా, నా తల్లీ,

గుళ్లో జరిగింది ఈపాటికి ఊరంతా నీకు తలా ఒక రకంగా చెప్పి ఉంటారు. నా నోటితో కూడా విను. ఇంటికి రాకుండా బస్సెక్కి వచ్చేశాను, నీ మొహం చూస్తే ఏడుపు ఆగేది కాదు.

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద ఒంటికాలి మీద లేచాను. తెలిసి తెలిసీ పోతుందే ఈ పిచ్చిది అని. ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను, ఆ పిల్ల వచ్చి గొడవ చేసింది. నాకు సిగ్గుగా ఉన్నది ఇంకోటి. ఆ వరసలో క్రాంతిని చూసినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? మంచి బట్టలేసుకున్నాడు, వయసు కుర్రాడు, ఎక్కడ తిరిగి తెచ్చుకున్నాడో అనుకున్నా. నన్ను చూసి నలుగురు అలా అనుకుంటారని భయపడి చచ్చేదాన్ని నేనే, ఆ బిడ్డ గురించి అదే అనుకున్నా. తల్లి కడుపులో తెచ్చుకున్నాడని నాకెందుకు తోచలేదు? నా కూతురికి అలా రాకూడదని ఏడాదిన్నర పాటు మొక్కినదాన్నే కదా.

ఇవాళ పొద్దున కమలాపురంలో బస్సు దిగేదాకా లేస్తానో లేదో నాకే తెలియదు. మీ బావకు ఏమీ చెప్పలేదు, రమ్మన్నాను, వచ్చాడు. ఆయన మగవాళ్ల వైపు పోయి వెనక కూర్చున్నాడు. నేను అమ్మ పక్కన జంపఖానా మీద కూర్చున్నా. వాక్యం అయిపోయింది. నెహెమ్యా అయ్యగారు కళ్లజోడు సర్దుకుని నీ పేరు, క్రాంతి పేరు చదివారు. ఇది మూడవ ప్రకటన, ఎవరికైనా అభ్యంతరముంటే అన్నారు. అందరూ తలలు వంచారు. నేను లేచాను.

అమ్మ నా కొంగు పట్టుకుని లాగుతోంది. "కూసోమ్మే, ఏమొచ్చె నీకు!" అయ్యగారు నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు. ఎప్పుడూ ఎవరూ లేవరు కదా. "నాకు అభ్యంతరం లేదయ్యా" అన్నాను. "మా దీవెన పెండ్లి నాకు ఇష్టమే. ఆ మాట నోటితో చెప్పాలనే లేసినా. నా పెండ్లికి మూడు వారాలు ఇట్లే చదివినారు. ఎవురూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు. నాకు హెచ్‌ఐవి ఉండాది. ఈ గుళ్లో పెండ్లి ప్రకటన చదివే ముందర ఆడపిల్లను, మగపిల్లోన్ని, ఇద్దర్నీ పరీక్షకు పంపియ్యండయ్యా. మీ కాళ్లు పట్టుకుంటా." ఇంకా చాలా అనుకుని పోయాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నా వెనక కూర్చున్నావిడ తన బిడ్డను ఒళ్లోకి లాక్కుంది, నేను చూశాను. ఇది నా బిడ్డేనా అన్నట్టు అమ్మ నా కొంగు వదిలేసి నా వైపు తలెత్తి చూస్తోంది. అప్పుడు మగవాళ్ల వైపు నుంచి గొంతు వినిపించింది. మీ బావ లేచి నిలబడ్డాడు. ఆయనకు పాట పాడేటప్పుడు తప్ప గుళ్లో గొంతు లేవదు.

"ఆమెకు నా నుంచే వచ్చింది" అన్నాడు. "మా కోడుమూరు గుళ్లో నా ప్రకటన చదివినప్పుడు నేను ఆడనే కూసోనుంటి. మూడు వారాలూ కూసోనుంటి. నాకు ఉండాదని నాకు తెలుసు. అభ్యంతరం చెప్పాల్సినోన్ని ఆ గుళ్లో నేనొక్కన్నే. చెప్పలేదు."

అంతే అన్నాడు, దీవెనా. క్షమించమని అనలేదు, అంటే నాకు ఒళ్లు మండేది. ఆయన కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. అయ్యగారు పుస్తకం మూసి, మెల్లగా, "ఇంకెవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నారు. ప్రార్థనకు మోకరించినప్పుడు చూస్తే అయ్యగారు కూడా ఏడుస్తున్నారు. గుడి అయ్యాక కొందరు నన్ను తప్పుకుని పోయారు. ప్రేమజ్యోతి లేదూ, వచ్చే నెల పెళ్లిపిల్ల, అది మాత్రం చెప్పులు వేసుకుంటున్నట్టు నా పక్కన వంగి, "అక్కా, ఆ పరీక్షకు ఒగదాన్నే పోవచ్చునా? యాడ చేస్తారు?" అంది. చెప్పాను. నీ నంబరు కూడా ఇచ్చాను, తోడు పో.

క్రాంతికి నా మాటగా చెప్పు. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు, నీ పరీక్షలు నువ్వు తప్పకూడదు, మిగతాది మీ ఇద్దరి కాపురం. నా కళ్లకు నువ్వు ఇప్పుడు చెల్లెలి మాదిరి లేవు, నాకంటే పెద్దదానివైనావు. నేను అడగలేక పోయిందంతా నువ్వు అడిగి పెళ్లి చేసుకుంటున్నావు, నాకు ఎంత సంతోషమో రాయలేను.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తా. గుళ్లో నాతో ఒక్క మాట అనకుండా ఇంటికి వెళ్లిపోయింది. ఇక ఈ జన్మకు నాతో మాట్లాడదనుకుని బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చే వేళకు రోడ్డు వెంబడి పరుగులాంటి నడకతో వచ్చింది, చేతిలో క్యారియరు. అది నాకు ఇవ్వలేదు. మీ బావ ముందు నిలబడి ఆయన గుండెల మీద పిడికిలితో రెండు దెబ్బలు వేసింది. బస్టాపులో జనం చూస్తున్నారు. ఆయన తల వంచుకుని వేయించుకున్నాడు. తర్వాత క్యారియరు ఆయన చేతిలో పెట్టి, "నీతో మాట్లాడను నేను. సంగటీ కూరా ఉండాది. ఇద్దురూ తిని మాత్రలేసుకోండి" అని, నా తల నిమిరి, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయింది.

బస్సు కమలాపురం దాటాక ఆయన మూత తీసి నా ఒళ్లో పెట్టాడు. ఆకలిగా ఉండింది, తిన్నాను. ఆయన్ని తినమని అనలేదు. కాసేపయ్యాక సగం మిగిల్చి ఇచ్చాను.

ఇట్లు,
నీ అక్క
కృపమణి